గెలిచినవాడు ఎవరి కుర్రాడు?

2022 మే 15, ఆదివారం. బ్యాంకాక్‌లో థామస్ కప్ బ్యాడ్మింటన్ ఫైనల్. 1949లో మొదలైన ఆ పోటీలో మన దేశం ఫైనల్ దాకా రావడం అదే మొదటిసారి. అవతల ఉన్నది పద్నాలుగు సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా. మొదటి మ్యాచ్ లక్ష్యసేన్ గెలిచాడు. రెండోది డబుల్స్. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టి మొదటి గేమ్ పోగొట్టుకున్నారు. రెండో గేమ్‌లో ఓటమి అంచుదాకా వెళ్ళి 23-21తో బయటపడ్డారు. మూడోది 21-19. ఆ తరవాత సింగిల్స్‌కి దిగిన కిడాంబి శ్రీకాంత్ పుట్టింది మన రావులపాలెంలో. అతను కూడా గెలిచేసరికి కప్పు మన చేతికొచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం అమలాపురంలో సాత్విక్ పేరు ఎత్తని మనిషి లేడు.

సరిగ్గా తొమ్మిది రోజులకి, మే 24న, అదే అమలాపురంలో రాళ్ళు లేచాయి. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మొదలైన గొడవ అది. ఒక మంత్రిగారి ఇల్లు, ఒక ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. పోలీసులకి గాయాలయ్యాయి. రోజుల తరబడి జిల్లాలో ఇంటర్నెట్ ఆగిపోయింది.

ఈ రెండు రోజుల్నీ నేను విడివిడిగా చూడలేను. ఒక ఊరు ఒక మనిషిని తనవాడని ఎలా అనుకుంటుంది, ఎవర్ని అనుకుంటుంది, ఎంతకాలం అనుకుంటుంది అన్నదే ఈ పూట నేను మీతో పంచుకోవాలనుకున్న సంగతి. ఆటగాణ్ణి మనం ఏ కంటితో చూస్తున్నాం? అతని ఆట చూస్తున్నామా, పుట్టుక చూస్తున్నామా?

2016 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు ఫైనల్‌కి చేరింది. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో అంతదూరం వెళ్ళిన భారతీయులు అంతకుముందు లేరు. ఆ గంటల్లోనే ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికేవాళ్ళు అమాంతం పెరిగిపోయారు. అందరికంటే ఎక్కువగా వెతికింది ఏ రాష్ట్రాలవాళ్ళో తెలుసుగా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఆమెకి ఆట నేర్పిన గోపీచంద్‌నీ వదల్లేదు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల అవతల దేశంలో కరోలినా మారిన్ లాంటి ఉద్దండురాలితో ఆడబోతుంటే ఇక్కడ మనవాళ్ళకి కావలసివచ్చింది ఆ వివరం. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది. ఆమె పొడుగు గురించి, ఆమె స్మాష్ గురించి, ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులన్న సంగతి గురించి వెతికి ఉంటే ఎంత బాగుండేది!

అందుకే సాత్విక్ కులం సంగతి ఈ ప్రసంగంలో రాదు. శ్రీకాంత్‌ది కూడా రాదు. అయితే కొందరి కులం మాత్రం చెప్పక తప్పదు. వాళ్ళలో ఒకాయన జీవితమంతా దానిచుట్టూ తిప్పింది చుట్టూ ఉన్న జనమే. ఆయన సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు మన హైదరాబాద్ సంగతి. డారెన్ సామీ అని వెస్టిండీస్ క్రికెటర్. సెయింట్ లూసియా అనే చిన్న దీవి నుంచి వెస్టిండీస్ టెస్టు జట్టులోకి వచ్చిన మొదటివాడు. 2012లోనూ 2016లోనూ టీ20 ప్రపంచకప్ అందుకున్న కెప్టెన్. అలాంటివాడు 2013, 2014 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో తోటివాళ్ళు అతన్ని 'కాలూ' అని పిలిచేవారు. బలమైన గుర్రం లాంటివాడని మెచ్చుకుంటున్నారనుకుని అతనూ వాళ్ళతోపాటు నవ్వేవాడు. ఆరేళ్ళ తరవాత, 2020లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపిన రోజుల్లో, ఆ పిలుపు తన ఒంటి రంగు గురించేనని అతనికి తెలిసొచ్చింది. తెలిసినప్పుడు పడ్డ బాధ అతను బాహాటంగానే చెప్పాడు. అప్పటి తోటి ఆటగాడొకరు తనతో మాట్లాడారనీ, అది ప్రేమతో పిలిచిన పిలుపేనన్నారనీ తరవాత అతనే చెప్పాడు. ప్రేమే అయి ఉండొచ్చు. మన ఊళ్ళలో నల్లగా ఉన్న పిల్లాణ్ణి 'నల్లోడా' అని పిలిచేదీ ప్రేమతోనే అంటాం. ఆ పిలుపు పడే పిల్లాణ్ణి ఎప్పుడైనా అడిగామా?

ఇప్పుడు ఇదే బొమ్మని అవతలివైపు నుంచి చూడండి. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్నాడు. అప్పటికి రెండు నెలల కిందటే తండ్రి పోయారు. ఆటో నడిపి కొడుకుని ఆటగాణ్ణి చేసిన తండ్రి. వెనక్కి వెళ్ళిపొమ్మని బోర్డు అవకాశమిచ్చినా, తండ్రి కోరుకున్నది తను దేశానికి ఆడాలనే కదా అని అక్కడే ఉండిపోయాడు. అలాంటి మనిషిని వెనక గ్యాలరీలోంచి జాతి పేరు పెట్టి తిట్టారు. తోటి బౌలర్ బుమ్రానీ తిట్టారు. సిరాజ్ నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి నడిచివెళ్ళి చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురు ప్రేక్షకుల్ని బయటికి పంపారు. కావాలంటే మైదానం విడిచి వెళ్ళొచ్చని అంపైర్లు అన్నారు. మేం ఆడటానికి వచ్చాం, తప్పు చేయనివాళ్ళం మేమెందుకు వెళ్ళాలి అన్నాడు రహానే. భారత ఆటగాళ్ళని జాతి పేరుతో దూషించిన మాట నిజమేనని ఆస్ట్రేలియా బోర్డు విచారణలోనూ తేలింది. తరవాతి టెస్టు బ్రిస్బేన్‌లో. రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్‌కి అయిదు వికెట్లు. గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా ఓడిపోయింది. సిరీస్ మనదైంది.

అప్పుడు మన తెలుగువాళ్ళందరం సిరాజ్ పక్షాన నిలబడ్డాం. న్యాయమే. కానీ అదే సిరాజ్ ఐపీఎల్‌లో ఒక సీజన్ సరిగా ఆడకపోతే, పోయి మీ నాన్నతో కలిసి ఆటో తోలుకో అన్నవాళ్ళు ఆస్ట్రేలియావాళ్ళు కారు. ఈ మాట సిరాజే చెప్పుకున్నాడు. సిడ్నీ గ్యాలరీలోంచి వచ్చిన మాటకి మన రక్తం ఉడికింది. మన నోట్లోంచి వచ్చిన మాట మాత్రం మనకి వినపడలేదు.

2021 జులైలో యూరో కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున పెనాల్టీలు తప్పిన ముగ్గురూ, రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా, నల్లజాతి కుర్రాళ్ళు. ఆ రాత్రే సొంత దేశంవాళ్ళ తిట్లు మొదలయ్యాయి. నెల తిరక్కుండానే మన దేశంలో ఏం జరిగిందో చూడండి. టోక్యో ఒలింపిక్స్ హాకీ సెమీఫైనల్లో మన అమ్మాయిలు అర్జెంటీనా చేతిలో ఓడిపోయారు. ఆ జట్టులో వందనా కటారియా ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళగా నిలిచిన అమ్మాయి. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి గంతులేశారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిపోయిందని కులం పేరెత్తి తిట్టారని ఆమె ఇంటివాళ్ళు పోలీసులకి ఫిర్యాదు చేశారు. ఇంకా కాంస్యం కోసం ఆడవలసిన మ్యాచ్ మిగిలే ఉంది. ఆ మ్యాచ్‌లోనూ వందన గోల్ కొట్టింది.

గెలిస్తే దేశపు బిడ్డ, ఓడితే ఫలానా పేట పిల్ల. ఇది మన దేశానికి కొత్త కాదు. ఇందాక చెబుతానన్న మనిషి దగ్గరికి ఇప్పుడు వస్తాను.

పల్వంకర్ బాలూ. చర్మకారుల కులంలో పుట్టాడు. పూనాలో ఇంగ్లీషు దొరల క్లబ్బులో పిచ్ చదును చేయడం, వలలు కట్టడం అతని పని. ఖాళీ దొరికినప్పుడు దొరలకి బంతులు వేసేవాడు. ఎడమచేతి స్పిన్నర్. గ్రెగ్ అనే పేరుమోసిన బ్యాట్స్‌మన్ గంటల తరబడి బాలూ బౌలింగ్‌లోనే సాధన చేసేవాడు. అంటే ఆ క్లబ్బులో అతని చేత బంతి వేయించుకున్నారు, బ్యాట్ మాత్రం చేతికివ్వలేదు. అప్పట్లో బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ నౌకర్ల పని.

పూనాలో హిందువుల క్లబ్బుకి ఆ దొరల్ని ఓడించాలని కోరిక. బాలూ లేకపోతే కుదరదు. తీసుకున్నారు. మైదానంలో అతను పట్టుకున్న బంతినే మిగతావాళ్ళూ పట్టుకునేవారు. ఆ బంతికి మైల లేదు. టీ విరామం వచ్చేసరికి జట్టంతా పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో తాగితే, బాలూకి బయటే, వాడి పారేసే మట్టి ముంతలో పోసేవారు. భోజనమూ విడిగానే. వికెట్లు తీస్తే చప్పట్లు, టీ తాగాలంటే బయటికి. శ్రోతలారా, అతను ఆ ముంత పట్టుకుని నిలబడ్డ చోటు ఎంత దూరమో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. పెవిలియన్ మెట్ల కింద అయి ఉంటుంది. లోపలి మాటలు, నవ్వులు వినపడేంత దూరమే.

1911లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. జట్టుగా పెద్దగా గెలిచింది లేదు. బాలూ ఒక్కడే వందకి పైగా వికెట్లు తీశాడు. అంత చేసినా హిందువుల జట్టుకి పూర్తిస్థాయి కెప్టెన్‌ని చేయలేదు. అతనికంటే చిన్నవాళ్ళు, తక్కువ ఆడినవాళ్ళు కెప్టెన్లయ్యారు. 1920లో బాలూ తమ్ముళ్ళు ఎదురు తిరిగి, ఇదేం న్యాయమని బహిరంగంగా అడిగారు, జట్టులోంచి తప్పుకున్నారు. చివరికి 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు, జట్టు గెలిచింది, జనం అతన్ని భుజాల మీద మోశారు.

ఆ రోజుల్లో బాలూని చూసి పొంగిపోయిన యువకుల్లో అంబేద్కర్ ఒకరు. బాలూ సన్మాన సభల్లో మాట్లాడారు కూడా. ఆ తరవాత రాజకీయాల్లో ఇద్దరి దారులూ వేరయ్యాయి, 1937 ఎన్నికల్లో బొంబాయిలో ఒకరి మీద ఒకరు పోటీచేశారు, బాలూ ఓడిపోయాడు. అది వేరే కథ. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన జిల్లా పేరులో ఉన్న ఆ మహానుభావుడికి, తనవాళ్ళు ఎవరికీ తీసిపోరని కళ్ళారా చూపించినవాళ్ళలో ఒక క్రికెట్ బౌలర్ ఉన్నాడు.

ఇక మన ఊళ్ళకి వద్దాం. సంక్రాంతి వస్తోందంటే రాజోలు నుంచి కొత్తపేట దాకా టోర్నమెంట్లే టోర్నమెంట్లు. కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతి క్రికెట్. కొబ్బరితోటలో చెట్టుకీ చెట్టుకీ వల బిగించి, సున్నంతో గీతలు గీసి, ఓ పక్క షామియానా, దాని కింద కుర్చీలు, మైకు. ఆ మైకులో వినపడే మాటలు మీరందరూ విన్నవే. పేట జట్టులోని కుర్రాడు ఎగిరి స్మాష్ కొడితే, "చూశారాండీ, కష్టానికి అలవాటుపడ్డ ఒళ్ళండీ అది! ఆ బలం పుట్టుకతో రావాలంతే!" అంటారు. అవతలి జట్టులో కుర్రాడు నెమ్మదిగా బంతిని ఖాళీలో వేస్తే, "బుర్ర పెట్టి ఆడాడండీ" అంటారు.

మైకు పట్టుకున్నాయన చెడ్డవాడు కాదు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు. కానీ ఆ మెప్పులో ఏం పోయిందో చూడండి. పేట కుర్రాడికి బలం ఇచ్చి బుర్ర తీసేశాడు. ఆ స్మాష్ కొట్టడానికి ముందు వాడు రెండు సెట్ల పాటు అవతలి బ్లాకర్ ఏ చేయి ముందు లేపుతాడో గమనించి ఉంటాడు. వలకి ఎంత దూరంలో అడుగు ఆపాలో, బంతి లేచిన ఏ క్షణంలో ఎగరాలో వందలసార్లు తప్పి నేర్చుకుని ఉంటాడు. అదంతా చదువే. దాన్ని చదువని మనం ఒప్పుకోం.

అమెరికాలో ఇదే జరిగింది. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాణ్ణి దింపి, అరవై ఏళ్ళ నిషేధాన్ని బద్దలుకొట్టింది. నలభై ఏళ్ళ తరవాత, 1987లో, ఆ వార్షికోత్సవ సందర్భంలోనే, అదే క్లబ్బు ఉన్నతాధికారి అల్ కాంపానిస్ టీవీలో కూచుని, మేనేజర్లు కావడానికి కావలసినవి నల్లవాళ్ళలో ఉండకపోవచ్చని అన్నాడు. రాబిన్సన్‌తో కలిసి ఆడినవాడే ఆ మాట అన్నది! రెండు రోజుల్లో ఉద్యోగం పోయింది. ఆడటానికి పనికొస్తారు, ఆడించడానికి పనికిరారు అన్న నమ్మకం ఎంత లోతుగా నాటుకుపోతుందో చూడండి.

కొందరు అడగొచ్చు. మరి ఫలానావాళ్ళే కబడ్డీలో ఎందుకు కనిపిస్తారు, ఫలానావాళ్ళే బ్యాడ్మింటన్‌లో ఎందుకు కనిపిస్తారు, అది పుట్టుక కాక ఏమిటీ అని. నేను చెబుతాను. కబడ్డీకి కావలసింది గీత గీసుకోడానికి కాస్త నేల. బ్యాడ్మింటన్‌కి గాలి దూరని హాలు కావాలి, చెక్క కోర్టు కావాలి, బూట్లు కావాలి, రాకెట్ కావాలి. షటిల్ అంటే పదహారు ఈకల వస్తువు. గట్టిగా నాలుగు స్మాష్‌లు పడితే ఈక విరుగుతుంది. మంచి షటిల్స్ ఒక డబ్బా కొనాలంటే కూలికెళ్ళే ఇంట్లో ఒకరోజు సంపాదన చాలదు. ఏ పిల్లాడు ఏ ఆటలో తేలతాడన్నది ఆ డబ్బా దగ్గరే సగం తేలిపోతుంది. నరాల్లో ఏముందో తరవాతి మాట.

సాత్విక్ సంగతే తీసుకోండి. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో అతని స్మాష్ వేగం కొలిస్తే గంటకి 565 కిలోమీటర్లు వచ్చింది. గిన్నిస్ రికార్డు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చిరాగ్‌తో కలిసి బంగారు పతకం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. జనం అతని పొడుగు చూసి, భుజం చూసి, దేవుడిచ్చిన బలం అంటారు. దేవుడితోపాటు ఇంకొకరు కూడా ఇచ్చారు. అతని తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, స్వయంగా ఆటగాడు. పసితనంలోనే చేతికి రాకెట్ అందింది. 2014లో గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. ఇంట్లోనే ఒక గురువు, ఆ తరవాత అకాడమీలో ఇంకో గురువు. అంత ఆసరా దొరికాక కూడా రోజూ ఒళ్ళు హూనం చేసుకుంటేనే ఆ స్మాష్ వచ్చింది. మన పేటల్లో అలాంటి భుజమున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ బళ్ళో పీఈటీ మాస్టారి కుర్చీ నిండి ఉందో ఖాళీగా ఉందో కూడా అడగాలి కదా.

ఆసరా దొరికితే ఏమవుతుందో 2014 మే 25న లోకం చూసింది. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి పదమూడేళ్ళు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి కొండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్‌లలో మంచులో శిక్షణ తీసుకుని వెళ్ళారు. కొండలెక్కడం వాళ్ళ తాతలెవరికీ వృత్తి కాదు. ఎవరో నేర్పారు, వాళ్ళు నేర్చుకున్నారు.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి స్టేడియం పేరు మీకు తెలుసు. జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. లోక్‌సభ స్పీకర్ పీఠం మీద కూచున్న మొదటి దళితుడు, మన ఐ. పోలవరం మండలం ఎదుర్లంక బిడ్డ. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ ఏడాది చివర్లో జాతీయ క్రీడలు ఆ ప్రాంగణంలో జరిగాయి. దానికి కూతవేటు దూరంలోనే గోపీచంద్ అకాడమీ. కోనసీమ పేరు అక్కడ ఇద్దరు నిలబెట్టారు, గోడ మీద ఒకరు, కోర్టులో ఒకరు. ఆ ఇద్దరినీ ఒకే గొంతుతో మావాళ్ళు అనగలిగిన కోనసీమవాసి ఎవరైనా సరే, నాకు ఆప్తుడే.

రాబోయే పండక్కి టోర్నమెంట్లు పెట్టే పెద్దలకి, కుర్రాళ్ళకి నాదో విన్నపం. జట్ల పేర్లు పిలిచేటప్పుడు ఊరి పేరు పిలవండి, బడి పేరు పిలవండి. బాగా ఆడిన కుర్రాడి పేరుతోపాటు వాడికి ఆట నేర్పిన మాస్టారి పేరు మైకులో చెప్పండి. స్కోరు రాసే బల్ల దగ్గర, అంపైర్ కుర్చీలో, కమిటీలో, జిల్లా జట్టుని ఎంపికచేసే చోట పేటనుంచి వచ్చిన పాత ఆటగాళ్ళని కూచోబెట్టండి. ఆట వాళ్ళకి తెలుసు, పిల్లలూ వాళ్ళకి తెలుసు. కప్పుకి డబ్బిచ్చే దాతలు ఈసారి ఓ రెండు డబ్బాల షటిల్స్, ఓ వాలీబాల్ వల కొని దగ్గర్లోని సంక్షేమ హాస్టల్‌కి ఇవ్వండి. ఇచ్చాక ఒకటి రెండు సాయంత్రాలు అక్కడికి వెళ్ళి, ఆ పిల్లలు ఎలా ఆడుతున్నారో కూచుని చూడండి.